బుర్రకి మూడు షిఫ్టులు

ఆ రోజుల్లో అంటూ మొదలుపెట్టడానికి నాకింకా జుట్టు నెరవలేదని మా అమ్మ వెక్కిరిస్తుంది గానీ, నా పదో తరగతి అయిన ఏటి వేసవి సెలవుల గురించి చెప్పాలంటే మరో మాట కుదరదు. ఎందుకంటే ఆ రోజుల్లో, ఒడిశాలోని మా రాయగడలో, సెలవులంటే అచ్చంగా సెలవులే. ఎండ ముదరగానే బడికి తాళం పడేది, జూన్‌లో రజో పండగ దాటాక తీసేవారు. ఆ మధ్యలో పిల్లలన్నవాళ్ళు గచ్చు మీద నీళ్ళు చల్లుకుని బోర్లా పడుకునేవారు, మామిడి టెంకలు చీకేవారు, కొట్టుకునేవారు, మళ్ళీ పడుకునేవారు. "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని సాయంత్రం ఎవరూ నిలదీసేవారు కాదు. ఇప్పుడు చూస్తున్నానుగా, మా వీధిలోనే పొద్దున్నే పిల్లల్ని స్కూటర్ల మీద కుక్కి అబాకస్‌కి, బొమ్మలకి, చేతిరాతకి, ఇంకా వ్యక్తిత్వానికి (అది కూడా కోర్సులో ఇచ్చేస్తారట) తోలుకుపోతున్నారు. సెలవుల్లో పిల్లల బుర్ర కాసేపు ఊరుకుంటే కొంపలంటుకుపోతాయని వీళ్ళకి ఎవరు చెప్పారో! ఆ పిల్లల మొహాలు చూస్తే జాలేస్తుంది, ఆ తల్లిదండ్రుల మొహాలు చూస్తే నవ్వొస్తుంది. అంత మంచి నవ్వేమీ కాదు. కానీ అది నేను అనుభవించి సంపాదించుకున్న నవ్వు.

అప్పట్లో నేను ఎలాంటిదాన్నంటే, ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళ గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి మాయమైపోయే రకం. (ఇప్పుడు కొంచెం మెరుగు. గ్లాసు చేతికిచ్చి మాయమవుతాను.) బళ్ళో ఒడియా మీడియం. తెలుగు చదవడం మాత్రం అమ్మ నేర్పింది, పార్వతీపురం నుంచి సరుకు తెచ్చుకునే మా వీధి కిరాణా కొట్టువాడు పొట్లాలు కట్టే పాత వారపత్రికల మీద. అందువల్ల నాకు ఏ కథకీ మొదలూ చివరా రెండూ దొరికేవి కావు. శనగపప్పు పొట్లంలో ఒకావిడ కిటికీ పట్టుకుని ఏడుస్తుండేది. ఎందుకేడుస్తోందో తెలియాలంటే మినప్పప్పు అయిపోయేదాకా ఆగాలి. ఆగినా ఆ పొట్లంలో ఇంకెవరిదో వంకాయ కూర తయారుచేసే విధానం వచ్చేది. కాబట్టి ఆవిడ ఏడుపుకి కారణం నేనే కల్పించుకుని డైరీలో రాసుకునేదాన్ని. ఒక్కొక్కసారి ఆవిడకి మూడు నాలుగు కారణాలు దొరికేవి. ఇంత పని పెట్టుకుని బతికే మనిషికి సెలవుల్లో తోచకపోవడమంటే ఏమిటో ఎలా తెలుస్తుంది?

అలాంటి నాకు ప్లస్ టూలో ఆర్ట్స్ చదవాలని ఉండేది. చరిత్ర, సాహిత్యం, అలాంటివి. మా వీధిలో ఆ మాట పైకి అనడమంటే, నాకు జ్వరంగా ఉంది అని చెప్పుకున్నట్టే. ఆర్ట్స్ అనేది ఒకరు కోరి తీసుకునే చదువని అక్కడెవరికీ తెలియదు. సైన్సు రానివాళ్ళకి దేవుడు వేసే శిక్ష అది. మా నాన్న మునిసిపాలిటీ నీళ్ళ పంపు దగ్గర పని చేసేవాడు. ఊళ్ళో ఎవరింటికి ఎప్పుడు నీళ్ళు వదలాలో ఎవర్నీ అడక్కుండా తేల్చేసేవాడు గానీ, ఇంట్లో చిన్న గిన్నె కొనాలన్నా దామంజోడిలో ఉన్న వాళ్ళన్నయ్యకి ఫోన్ చేసేవాడు. ఆ అన్నయ్య, అంటే మా పెదనాన్న, అక్కడి ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే పని. మా వంశంలో క్వార్టరూ, కారూ ఉన్నది ఆయనొక్కడికే కావడంతో, జ్వరాల నుంచి పెళ్ళిళ్ళ దాకా ఆయనదే ఆఖరి మాట. నా ఆర్ట్స్ సంగతి అమ్మ నాన్న చెవిన వేసింది, నాన్న అన్నయ్య చెవిన వేశాడు. ఫోను స్పీకరులో పెట్టి ఉంది. నేను తలుపు వెనక ఉన్నాను.

"ఆర్ట్సేటిరా ఆర్ట్సు? మనింట్లో అంత కరువొచ్చీసిందేటి?" అన్నాడు పెదనాన్న. "ముందు గుంటని నా కాడికి పంపు. రజో దాకా ఉంచుతాను. బుర్ర స్టార్టయిందా, సైన్సు. అవనేదా, అప్పుడు నువ్వు సెప్పిన ఆర్ట్సే. దాని కర్మ." (గుంట అంటే మావైపు ఆడపిల్ల.)

"అలగే అన్నియ్యా," అన్నాడు నాన్న. ఆయనకి తెలిసిన ఒకే ఒక్క సమాధానం అది.

తలుపు వెనక నేను చప్పట్లు కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. బుర్ర స్టార్టు కాకపోతే చాలట! నాకు అంతకన్నా తేలికైన పరీక్ష ఎవరు పెడతారు? నోరు మూసుకుని కూర్చోవడంలో నాకు పుట్టినప్పటి నుంచీ అనుభవం ఉంది.

దామంజోడిలో ఏప్రిల్ నెలలో కూడా సాయంత్రానికి చల్లగాలి వేస్తుంది. కొండల మీద ఊరు. అలాంటి చోట సెలవులు గడపడం ఒక వరం, పెదనాన్న ఇల్లు తప్ప ఇంకే ఇంట్లోనైనా. నేను వెళ్ళేసరికి ఆయన హాల్లో మిక్సీ ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. స్క్రూడ్రైవరు మొన మిక్సీకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. లోపల బేరింగు ఎలా తిరుగుతోందో ఆ చప్పుడుని బట్టి చెప్పేస్తాడట. ఫ్యాక్టరీలో ఆ విద్యకి పెట్టింది పేరని మా దొడ్డమ్మ (పెదనాన్న భార్యని మేమలాగే అంటాం) అందరికీ చెప్పుకునేది. మిక్సీ కట్టేసి నావైపు తిరిగి, అదే మొహంతో నన్నూ కాసేపు విన్నాడు.

"సూడమ్మి," అన్నాడు. "సెలవులంటే మిషన్ ఆపీడమని అనుకుంటారు ఎర్రోళ్ళు. తిరిగే మిషన్‌కి ఏ తుప్పూ పట్టదు. ఆపిన మిషనే జామైపోద్ది. బుర్రా అంతే. ఇన్నావా?"

విన్నాను. వాట్సాప్‌లో ఎవరో పంపిన ముక్కకి తన ఫ్యాక్టరీ అనుభవం కలిపి ఆయన తయారుచేసుకున్న సిద్ధాంతం అది. దాన్ని అమలు చేసే పద్ధతి కూడా ఫ్యాక్టరీ నుంచే తెచ్చాడు. ఏ షిఫ్టు, అంటే పొద్దుటి పూట, వాళ్ళమ్మాయిది. బీ షిఫ్టు, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా, నాది. సీ షిఫ్టు ఇద్దరికీ కలిపి, నిద్రలో. (నవ్వకండి. దొడ్డమ్మ తన గొంతుతో ఎక్కాలు ఫోనులో రికార్డు చేసి, మేం పడుకున్నాక తల దగ్గర పెట్టేది. "నిద్దట్లో కూడా బుర్ర పీల్చుకుంటాదమ్మి" అనేది. నేను పీల్చుకున్నదల్లా, ఇప్పటికీ పదమూడో ఎక్కం వింటే ఆవలింత రావడం.) షిఫ్టులో చేయవలసిన పనులు: సుడోకులు, పజిళ్ళు, బరువైన జనరల్ నాలెడ్జి పుస్తకం బట్టీ, ఎడమ చేత్తో రాయడం, కళ్ళు మూసుకుని వస్తువులు గుర్తుపట్టడం. ఒక్కటంటే ఒక్క కథల పుస్తకం లేదు ఆ ఇంట్లో. కథలు చదివితే బుర్ర న్యూట్రల్‌లో పడిపోతుందని పెదనాన్న నమ్మకం.

వాళ్ళమ్మాయి నాకంటే రెండేళ్ళు చిన్నది. ఇంట్లో, వీధిలో, బళ్ళో అందరూ దాన్ని జీకే అనే పిలిచేవారు. జనరల్ నాలెడ్జికి పొట్టి పేరు. దానికి ఇంకో పేరుందని నాకు వాళ్ళ రేషన్ కార్డు చూసేదాకా గుర్తే లేదు. ఏ దేశం పేరు చెప్పినా రాజధాని చెప్పేది, రాజధాని చెబితే నాణెం చెప్పేది, నాణెం చెబితే ఆగి ఊపిరి పీల్చుకునేది. ఇంటికి ఎవరొచ్చినా, పాలవాడితో సహా, దాన్ని నిలబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగితేగానీ టీ ఇచ్చేవారు కాదు. ఆ పాలవాడు ఆ కొండల్లోని దేసియా భాష మాట్లాడే మనిషి. కొండ మీది ఊరి నుంచి పాలు తెచ్చేవాడు. పెరూ రాజధాని ఏదైతే ఆయనకేమిటి? అయినా పాపం బుద్ధిగా తలూపేవాడు.

షిఫ్టు పద్ధతిలో అసలైన ఘోరం రిలీవర్ అనే రూలు. ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు మనిషి, తరవాతి షిఫ్టు మనిషి వచ్చి పని అందుకునేదాకా మిషన్ని వదిలి కదలకూడదట. అలా అందుకునే మనిషి రిలీవరు. మంచి రూలే, మిషన్లకి. మా ఇంట్లో మిషన్లు మేమే కాబట్టి, జీకే తన షిఫ్టు అయ్యాక కూడా నేను వచ్చి ఎదురుగా నిలబడేదాకా కుర్చీలోంచి లేవకూడదు. లేచే ముందు నాకు అప్పజెప్పాలి. "ఆసియా అయిపోయింది, ఆఫ్రికా నడుస్తోంది, పందొమ్మిదో ఎక్కం దగ్గర సౌండొస్తోంది," అని. నేను "సరే" అనాలి. దొడ్డమ్మ గుమ్మంలో నిలబడి చూసేది, పెదనాన్న డ్యూటీలో ఉంటే షిఫ్టు ఇన్‌చార్జి ఆవిడే మరి. నేనేమో బీ షిఫ్టుకి ముందు స్నానాల గదిలోకి దూరి గడియ పెట్టుకుని, సంతలో కొన్న అల్లంతో వచ్చిన ఒడియా పేపరు ముక్క తడవకుండా పట్టుకుని చదువుకుంటుండేదాన్ని. జీకే అంతకుముందే తాగిన గ్లాసుడు బాదం పాలతో అవస్థ పడుతూ కుర్చీలోంచే అరిచేది.

"అక్కా, తొరగా రాయే! రిలీవర్ రాకపోతే నేవకూడదంట!"

"లేచి రావే, ఎవరు చూడొచ్చారు?"

"అమ్మ సూస్తంది! రాయే తల్లీ, నీకు దణ్ణమెడతాను!"

ఆ ఇంట్లో తిండి సంగతి కూడా చెప్పాలి. లెక్కలు రావడానికి బెండకాయ, జ్ఞాపకానికి సరస్వతి ఆకు, చురుకుదనానికి నానబెట్టిన బాదం పప్పు. బెండకాయ వేపుడు, బెండకాయ పులుసు, బెండకాయ పెరుగు పచ్చడి. బెండకాయ లోపల జిగురు ఉంటుంది కాబట్టి చదివింది బుర్రకి అంటుకుంటుందని దొడ్డమ్మ వివరణ. చదువుకున్న మనుషులు, మిషన్ల లోపల ఏం జరుగుతోందో చెవితో చెప్పగలిగిన మనుషులు, ఆ మాట విని తలలూపేవారు.

నా వ్యూహం మాత్రం చక్కగా నడిచింది. సుడోకు ఇస్తే గళ్ళన్నిటిలో తొమ్మిది వేసి ఇచ్చాను.

"ఇదేటమ్మి? అన్నీ తొమ్మిదులేటి?"

"తొమ్మిది పెద్దది కదా పెదనాన్నా, అందుకని."

ఆయన కాయితం వంకా నా వంకా చూసి, వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. ఫ్రాన్సు రాజధాని అడిగితే అక్కడికి దగ్గర్లోని ఊరి పేరు, బొయిపరిగుడ అన్నాను. కళ్ళకి గంతలు కట్టి చేతిలో దువ్వెన పెడితే, చాలాసేపు తడిమి, చేప అన్నాను. నేననుకున్నంత సుఖంగా మాత్రం లేదు. మొద్దుగా ఉండటం వేరు, మొద్దు అనిపించుకోవడం వేరని నాకప్పటికి తెలియదు. ఒక రోజు షిఫ్టు అప్పజెబుతూ జీకే నా వంక ఎంతో దయగా చూసి, "అక్కా, నువ్వు నిజంగానే ఇంత మొద్దువా? ఏటి పర్వానేదులే, నాను ఎవలికీ సెప్పను," అంది. ఊరంతా తెలిసిన సంగతి ఎవరికీ చెప్పదట! అంతగా ఒళ్ళు మండించే దయ నా మీద ఎవరూ చూపించలేదు. పొట్లాల్లో కథలకి మొదళ్ళూ చివరలూ కట్టిన దాన్ని, నన్ను పట్టుకుని, లిమా ఎక్కడుందో తెలుసు గానీ తన ఇంటి వెనక కొండ పేరు తెలియని పిల్ల జాలిపడటమా! ఆ రోజు డైరీలో దాన్ని ఏమేమి అన్నానో ఇక్కడ రాయను.

అయినా పళ్ళ బిగువున ఓర్చుకున్నాను. పండగ ఇంకా రెండు మూడు రోజులుందనగా నా కష్టం ఫలించింది. పెదనాన్న నా ఎదురుగానే నాన్నకి ఫోన్ చేశాడు. "ఒరే, ఇది స్టార్టవదురా. నాను సెయ్యాల్సిందంతా సేసేను. లోపల బేరింగే పోయింది. ఆర్ట్స్ ఫారమే తెచ్చీ. పండక్కొచ్చి తీసుకుపో." అవతల నాన్న "అలగే అన్నియ్యా" అన్నాడు. ఆ 'అలగే' ఎప్పటిలా లేదు. నాకది వినిపించింది. కానీ నాకు కావలసింది దొరికింది, విననట్టు ఊరుకున్నాను.

రజో పండగ సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. జూన్ మధ్యలో, వానలు మొదలయ్యేటప్పుడు, ఒడియా వాళ్ళు మూడు రోజులు చేస్తారు. ఆ మూడు రోజులూ భూమికి విశ్రాంతి. దున్నరు, తవ్వరు. భూమితో పాటు ఆడపిల్లలకీ సెలవే. ఊడవకూడదు, తోమకూడదు, కొత్త బట్టలు కట్టుకుని ఊయలలూగాలి, పొడపిఠా తినాలి. (బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి కలిపి నిప్పుల మీద కాల్చే రొట్టె. దాని కోసం ఒడియా వాళ్ళకి నేను చాలా క్షమిస్తాను.) మావాళ్ళు తెలుగువాళ్ళే అయినా అన్నేళ్ళుగా వాళ్ళ మధ్య బతుకుతూ ఆ పండగ కూడా మా పండగే చేసుకున్నారు, తమకి వీలైనంత మేరకి. ఆ వీలు దగ్గరే పక్క క్వార్టరు మావుసికీ (ఒడియాలో పిన్నిని అలా అంటారు) దొడ్డమ్మకీ మాటామాటా వచ్చింది. మావుసి కటక్ వైపు మనిషి. పండగ మొదటి రోజు పొద్దున్నే పిఠా పళ్ళెంతో వచ్చేసరికి జీకే కుర్చీలో కూర్చుని సుడోకు చేస్తోంది.

"రజో నాడు పిల్ల చేత పని చేయిస్తావా? పాపం తగులుతుంది," అంది మావుసి ఒడియాలో, పళ్ళెం కింద పెట్టకుండానే.

"పనేటి మావుసీ! సీపురు ముట్టుకోనిచ్చేనేటి? గిన్నె ముట్టుకోనిచ్చేనేటి? కూకుని ఆడుకుంటంది," అని దొడ్డమ్మ తెలుగులోనే జవాబు చెప్పింది. వాళ్ళిద్దరూ ఏళ్ళుగా అలాగే, ఎవరి భాషలో వాళ్ళు, పోట్లాడుకుంటారు.

"నాగలి లాగే ఎద్దుకీ ఆ మూడు రోజులూ సెలవే. నీ కూతురికి లేదా?"

ఎద్దుతో పోల్చేసరికి వ్యవహారం పెదనాన్న దగ్గరికి వెళ్ళింది. ఆయన పిఠా ముక్క నోట్లో వేసుకుని, నమిలి, తీర్పు చెప్పాడు. "సెయ్యి కదిలితే పని. బుర్ర కదిలితే పని కాదు." అయినా మావుసిని నొప్పించడం ఇష్టంలేక ఒక రాజీ కూడా కనిపెట్టాడు. జీకే ఊయల ఎక్కవచ్చు. ఊయల ముందుకెళ్ళినప్పుడు దేశం, వెనక్కొచ్చినప్పుడు రాజధాని. అలా మా జీకే కొత్త పావడా కట్టుకుని, కాళ్ళకి పసుపు రాసుకుని, పనస చెట్టుకి కట్టిన ఊయలలో ఊగుతూ ముందుకి "నార్వే", వెనక్కి "ఓస్లో" అంటూంటే, తక్కిన పిల్లలు తమ వంతు కోసం కింద నిలబడి దాన్ని చూశారు. అంత వింతగా పిల్లలు దేన్నీ చూడగా నేను చూడలేదు. ఊయల ఎత్తుకి వెళ్ళినప్పుడు ఒకసారి అది దేశం పేరు మర్చిపోయి కిలకిలా నవ్వింది. "ఏ దేశమే అది?" అని కింద నుంచి గర్జన వినబడింది. నవ్వు ఆగిపోయింది.

రెండో రోజు సాయంత్రం మా క్వార్టర్ల లైన్లో వాళ్ళందరూ ఆ పనస చెట్టు దగ్గర కుర్చీలు వేసుకుని చేరారు. పాటల కోసం ఎవరో ఒక మైకూ స్పీకరూ తెచ్చారు. పెదనాన్న సెక్షన్‌కి పెద్ద అయిన సారు కూడా భార్యతో సహా వచ్చి, తమలపాకులు నములుతూ కూర్చున్నాడు. మంచి మనిషి, కాస్త భారీగా ఉంటాడు. మా నాన్న ఆ పొద్దుటే రైలు దిగి, చేతిలో పిఠా ముక్కతో వెనక వరుసలో నిలబడ్డాడు. నేను దొడ్డమ్మ వీపు వెనక. నా బట్టలు అప్పటికే సర్దుకున్నాను. మర్నాడు రాయగడ, ఆ తరవాత ఆర్ట్స్. ఈ ఒక్క సాయంత్రం నోరు విప్పకుండా గడిస్తే చాలు. ఆ పనిలో నేను ఆరితేరినదాన్ని.

పెదనాన్న జీకేని మైకు ముందు నిలబెట్టాడు. పుస్తకం ఆయన చేతిలో ఉంది. ప్రశ్న అడగడం ఆలస్యం, జవాబు వచ్చి పడుతోంది. మొదట అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత సగంమంది కొట్టారు. ఆఫ్రికా ఖండం దాటేసరికి పిల్లలందరూ పిఠా పళ్ళేల వైపు జరిగిపోయారు. సారు భార్య ఆవలింతని చీర చెంగుతో కప్పుకుంది. చివరికి సారే చెయ్యెత్తి ఆపి, ముందుకి వంగి, జీకేని ప్రేమగా అడిగాడు. "ఛుటిరె కణ మజా కలు, మా?" సెలవుల్లో ఏం సరదా చేశావమ్మా అని.

అంతే. అది పుస్తకంలో లేదు.

జీకే వాళ్ళ నాన్న వంక చూసింది. ఆయన పుస్తకంలో పేజీలు తిప్పాడు. దాని పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. పాపం, ఆ జవాబు కోసం అది ఆసియా అంతా వెతుకుతోందని నాకు తెలుసు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. స్పీకరు గుయ్యిమంది. సారు ఇబ్బందిగా తమలపాకు దవడ మార్చుకున్నాడు. అప్పుడు పెదనాన్న, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒంటబట్టిన అలవాటుతో, మిషన్ ఆగిపోయినప్పుడు అరిచే అరుపే అరిచాడు.

"రిలీవర్!"

అందరూ నావైపు తిరిగారు. దొడ్డమ్మ వీపు పక్కకి తప్పుకుంది. (ఎన్నడూ నన్ను మోసం చెయ్యని వీపు అది.) ఎవరో నన్ను ముందుకి తోశారు. మైకు ముందుకి వచ్చి పడ్డాను. "ఏమీ లేదండి" అనాలి. రెండే రెండు మాటలు. అనేసి వెనక్కి వచ్చేస్తే నా చరిత్ర, నా సాహిత్యం అన్నీ నావే. నోరు తెరిచాను కూడా. కానీ ఆ వేసవి మొత్తంలో, నాకు జవాబు చెప్పాలనిపించిన ప్రశ్న ఒక్కటి కూడా నన్ను ఎవరూ అడగలేదు. ఇదొక్కటే అలాంటిది. దీని జవాబు నాకు పూర్తిగా, వివరంగా, రంగులతో సహా తెలుసు.

చెప్పేశాను. నా ఒడియా బాగుంటుంది, బళ్ళో అందులోనే పెరిగాను. మా ఇంట్లో ముగ్గురు షిఫ్టుల్లో పని చేస్తారు, అందులో జీతం వచ్చేది ఒకరికే అని మొదలుపెట్టాను. రిలీవర్ కోసం కుర్చీలో మెలికలు తిరిగిపోయే మిషన్ గురించి, గడియ పెట్టుకున్న రిలీవర్ గురించి చెప్పాను. జిగురు గురించి, తల దగ్గర రాత్రంతా ఎక్కాలు చదివే ఫోను గురించి, పెరూ రాజధాని విని తలూపే పాలవాడి గురించి చెప్పాను. మా పెదనాన్న స్క్రూడ్రైవరు మా తల మీద ఆనించి వినలేదు గానీ, చూసే చూపు మాత్రం అదేనని, కళ్ళు మూసుకుని, మెడ వంచి, ఆయనలాగే విని చూపించాను. "బేరింగు పోయింది" అని ఆయన గొంతుతోనే అన్నాను. మొదట సారు నవ్వాడు. తరవాత ఫ్యాక్టరీ మగవాళ్ళందరూ ఒకరి భుజాలు ఒకరు చరుచుకున్నారు, వాళ్ళకి ఆ స్క్రూడ్రైవరు బాగా తెలుసు కాబట్టి. మావుసి అయితే కుర్చీలోంచి జారిపోయింది. జీకే కూడా కన్నీళ్ళు తుడుచుకోకుండానే నవ్వింది. ఏ దేశమూ లేని నవ్వు. నన్ను నేను ఎక్కడో దూరం నుంచి వింటున్నట్టుంది. ఇంతలో వెనక వరుసలో, పిఠా ముక్క నోటి దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేసిన మా నాన్న కనబడ్డాడు. మాట తెగిపోయింది. పెదనాన్న మొహం చూశాను. పాలిపోయి ఉంది. సొంత సారు ఎదుట, మైకులో! మైకు వదిలేసి పనస చెట్టు వెనక్కి పారిపోయాను.

అక్కడి నుంచి అన్నీ వినబడుతూనే ఉన్నాయి. "ఈ పిల్ల ఎవరయ్యా?" అంటున్నాడు సారు, కళ్ళు తుడుచుకుంటూ. "ఏం పరిశీలన! ఏం బుర్ర! దేన్నీ వదల్లేదు. ఏం చదివిస్తున్నారు?"

"ఆర్ట్స్ అనుకుంటన్నారు సార్..." అన్నాడు పెదనాన్న నీరసంగా.

"ఆర్ట్సా? మతి పోయిందా మీకు? ఇంత తెలివైన పిల్లని ఆర్ట్స్‌లో పడేస్తారా? సైన్సు. ఇంకో మాట లేదు."

మీకు అర్థమైందో లేదో. ఒక మనిషి చుట్టూ ఉన్న మనుషుల్ని గమనించి, వాళ్ళ గొంతులు పట్టుకుని, నలుగురినీ నవ్వించేలా కథ చెబితే, చదువుకున్న ఆ పెద్దమనిషికి అందులో కనబడింది సైన్సు. అక్కడున్న అంతమందిలో ఒక్కరికీ ఆ మాట తప్పుగా తోచలేదు. అందరూ అవునంటే అవునన్నారు. నేలలోకి కుంగిపోతున్న పెదనాన్న ఒక్క గుక్కలో తేరుకున్నాడు.

"మన ట్రైనింగే సార్! షిఫ్టుల్లో పెట్టేను కదా. ఒకో మిషన్ లేటుగా అందుకుంటాది. ఒకసారి అందుకుందంటే ఇంక ఆగదు."

"బెండకాయ కూడా," అంది దొడ్డమ్మ.

చెట్టు వెనక నుంచి ఇవతలికి వచ్చి, కాదండీ, నాకు ఆర్ట్సే కావాలండీ అని చెప్పాలి. కానీ నాకు కేటాయించిన మాటలన్నీ అప్పటికే ఖర్చు పెట్టేశాను. ఒక్కటి కూడా మిగల్లేదు. ఎవరో పిఠా పళ్ళెం అందిస్తే తీసుకుని తిన్నాను.

మర్నాడు రైల్లో నాన్న కిటికీ సీటు నాకిచ్చి పక్కన కూర్చున్నాడు. మామూలుగా మేమిద్దరం రాయగడ దాకా ఒక్క మాట కూడా లేకుండా ప్రయాణం చేయగలం. ఆ రోజు ఆయన ఊరుకోలేకపోయాడు.

"నువ్వింత మాటకారివని నాకు తెల్దమ్మి," అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ "స్క్రూడ్రైవరు!" అని తనలో తను నవ్వుకున్నాడు. మళ్ళీ "సారు నవ్వనేక సచ్చిపోనాడు. మా గుంటేనండి అని సెప్పుదామనుకున్నాను, నోట మాట రానేదు," అన్నాడు. ఎదుటి సీటులో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషికి, అడక్కుండానే, "మా అమ్మాయండి. సైన్సు సదవబోతంది," అని చెప్పాడు. మా నాన్న పరాయి మనిషితో తనంతట తాను మాట్లాడగా నేను చూడటం అదే మొదటిసారి.

ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాను. అప్పుడే రైలు సొరంగంలోకి దూరింది. ఆ చీకట్లో, ఆ మోతలో, గట్టిగానే చెప్పాను. "నాన్నా, నాకు ఆర్ట్స్ కావాలి." వెలుతురు వచ్చాక ఆయన నావైపు వంగి "ఏటన్నావమ్మి?" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "ఏం లేదు నాన్నా," అన్నాను. ఆ లైన్లో సొరంగాలకేం కొదవ? ప్రతి దాంట్లోనూ చెప్పాను.

సైన్సు చదివాను. అది నన్నేమీ చెయ్యలేదు, నేనూ దాన్నేమీ చెయ్యలేదు. ఇప్పుడు రాయగడలోనే ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తున్నాను. సూది చూసి భయపడేవాళ్ళు తమ కథలన్నీ నాకు చెబుతారు. నేను ఏమీ అనకుండా వింటాను, ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. జీకే సంగతి అడుగుతారేమో. ఆ సాయంత్రం అంతమందిలో ఆగిపోయింది కాబట్టి దానికే బేరింగు లేదని పెదనాన్న తేల్చేశాడు. రెండేళ్ళ తరవాత అది హాయిగా ఆర్ట్స్‌లో చేరింది. ఇష్టమై కాదు, ఒక్క కథ కూడా చదివిన పాపాన పోలేదు. ఊయలలో నవ్విన పిల్ల కాబట్టి దాన్ని ఏమీ అనలేకపోతున్నాను. పెదనాన్న ఇప్పటికీ నన్ను తన చేతుల మీదుగా స్టార్టయిన మిషన్ అని పరిచయం చేస్తాడు. ఆయన్ని అనడానికి మాత్రం నాకు చాలా మాటలున్నాయి.

అప్పుడప్పుడూ ఆ మైకు ముందున్న పదిహేనేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. రెండు జడలు, కొత్త గౌను. అంత ధారాళంగా మళ్ళీ నేను ఎప్పుడూ ఎక్కడా మాట్లాడలేదు. అప్పుడు నోరు మూసుకుని ఉంటే కావలసిన చదువు చేతికి వచ్చేది. నిజమే. ఇంత తెలిసీ, ఇప్పుడు నేను వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడగలిగితే, నోరు మూసుకోమని మాత్రం అననేమో. మైకు ఇంకాస్త దగ్గరికి పెట్టుకోవే, వెనక వరుసలో నాన్నకి సరిగ్గా వినబడటం లేదు, అంటాను.